ముందు జాబితా, తర్వాతే నంది

నెల్లూరు నర్తకి సెంటరులో రాత్రి పది దాటాక టీ బంకు దగ్గర నిలబడితే సినిమావాళ్ళ జాతకాలన్నీ తేలిపోతాయి. మొన్నొక రాత్రి నలుగురు కుర్రాళ్ళు ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. ఏదో ప్రైవేటు అవార్డుల నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ నటుడి వరసలో అయిదు పేర్లు. ‘‘మా వోడి పేరు యాడ మామా?’’ అన్నాడొకడు. ‘‘మీ వోడు యాక్టింగ్ చేస్తే గదరా ఉండేది’’ అన్నాడు ఇంకొకడు. గ్లాసులు కడుగుతున్న బంకు పెద్దాయన తల ఎత్తకుండానే, ‘‘ఆ అయిదో పేరు ఉండాదే, ఆయన సినిమా మీలో ఎవురన్నా చూసినారా సామీ?’’ అని అడిగాడు. ఎవరూ చూడలేదు. అది మన ఊళ్ళో ఆడింది ఒక్క వారం, అదీ మార్నింగ్ షో. ‘‘ఇంటికి పోయి ఫోన్లో చూస్తాంలే’’ అన్నాడు ఆ రెండోవాడు.

నామినేషన్ల వల్ల జరిగే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఆ బంకునే చూపిస్తాం. గెలిచేది ఎటూ ఒక్కరే. జాబితా ముందే బయటికి వస్తే మిగతా నలుగురి పేర్లు కూడా నెల రోజులు జనం నోట్లో నానుతాయి. వాదనలో నెగ్గడం కోసమైనా సరే, ఎవరో ఒకరు ఆ చిన్న సినిమా చూస్తారు.

మన ప్రభుత్వ అవార్డులకు ఆ యోగం పట్టలేదు. లేపాక్షి బసవన్న పేరుతో 1964లో నంది పురస్కారాలు మొదలయ్యాయి. ఆ ఏడాది ‘డాక్టర్ చక్రవర్తి’ బంగారు నంది అందుకుంది. బంగారు, వెండి, కంచు నందులు గెలిచిన సినిమా అని పోస్టరు మీద వేసుకోవడం నిర్మాతకు దర్జా. అయితే నిర్మాతలు ఎంట్రీలు పంపడం, కమిటీ గదిలో కూర్చుని చూడడం, ఒక సాయంత్రం ఫలితాలు చదివేయడం, ఇదీ వరస. చివరిదాకా వచ్చి ఆగిపోయిన సినిమాలేవో, ఎందుకు ఆగిపోయాయో ప్రేక్షకుడికి చెప్పిన పాపాన పోలేదు. 2017 నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరాల అవార్డులను ఒక్క ఊపున ప్రకటించారు. మూడేళ్ళ ఎంపికల మీద రగడ కూడా ఒక్క వారంలోనే జరిగింది. ఎవరిది న్యాయమో మేము ఇప్పుడు తవ్వబోవడం లేదు. తలుపులు మూసి ఎంపిక చేసినప్పుడు, సరైన ఎంపిక మీద కూడా అనుమానం పడుతుంది. ఆ తర్వాత నంది లేవనే లేదు. తెలంగాణ తన దారిన తాను గద్దర్ పేరుతో అవార్డులు పెట్టుకుని 2025 జూన్‌లో హైదరాబాదులో వేడుక కూడా జరిపింది. మన దగ్గర మళ్ళీ ఇస్తామన్న మాట మాత్రం అప్పుడప్పుడూ వినబడుతోంది. ఇస్తే సంతోషమే. ఇచ్చే ముందు జాబితా చూపించండి అన్నదొక్కటే మా కోరిక.

జాతీయ అవార్డుల తీరూ ఇంతే. ప్రాంతీయ కమిటీలు వడపోస్తాయి, కేంద్ర జ్యూరీ తేలుస్తుంది, మధ్యలో ఏం జరిగిందో మనకు తెలియదు. 2021 సినిమాలకు ఇచ్చిన 69వ జాతీయ అవార్డుల సంగతే చూడండి. ఉత్తమ నటుడిగా అల్లు అర్జున్ పేరు రాగానే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ టపాసులు మోగాయి. ఒక తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి మరి, మోగాల్సిందే. అదే రోజు అదే జాబితాలో ఉత్తమ గీత రచయితగా చంద్రబోస్ పేరు ఉంది, ‘కొండపొలం’ పాటకు. కరువు రోజుల్లో గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయే కథ అది. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకు ఆ అడవి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి పాట బరిలో ఉందని మూడు వారాల ముందు తెలిసి ఉంటే ఆ ఊళ్ళలో ఎంత చర్చ జరిగేది! అవార్డు వచ్చాక తెలిసింది, ఓహో అనుకున్నారు, అంతటితో సరి.

దీనికి పూర్తిగా తిరగబడ్డ అనుభవం కూడా మనకు ఉంది. 2023 జనవరి 24న ‘నాటు నాటు’ ఆస్కార్ చివరి అయిదు పాటల్లో ఒకటిగా నిలిచింది. వేడుక మార్చి 12న, మనకు తెల్లవారితే 13, సోమవారం. మధ్యలో దాదాపు ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో కావలి, ఒంగోలు కాలేజీ పిల్లలు పోటీలో ఉన్న లేడీ గాగా పాట విన్నారు, రిహానా పాట విన్నారు. ‘‘బాగా ఉంది గానీ మనదే గెలుస్తాది’’ అని తీర్పులు చెప్పారు. ఎదుటివాడి పాట విని, బాగుందని ఒప్పుకుని, ఆపైన మనదాని పక్షాన నిలబడడం అభిమానానికి ఎంత మంచి కసరత్తు! హీరోల మీద కొట్టుకునే ఊళ్ళలో సంగీత దర్శకుడు కీరవాణి గురించి, పాట రాసిన చంద్రబోస్ గురించి మాట్లాడుకున్న రోజులవి.

ఆ మాటకొస్తే అవార్డుల లెక్కలో నెల్లూరు గర్వంగా చెప్పుకునే పేరు హీరోది కాదు, దర్శకుడిదీ కాదు. ‘శంకరాభరణం’తో మొదలుపెట్టి తెలుగు, హిందీ, కన్నడ, తమిళ పాటలకు ఆరు జాతీయ అవార్డులు అందుకున్న బాలుది. తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేసిన మనిషి. ఆయన ఊరివాళ్ళం అయి ఉండి, ఉత్తమ గాయకుడి విభాగంలో ఈ ఏడాది ఎవరెవరు పోటీ అంటే తెల్లమొహం వేస్తే ఎట్టా?

అభిమానులను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. పది సిమ్ములతో పదిసార్లు ఓటు వేసి మా హీరోను గెలిపించామని స్టేటస్ పెట్టుకోవడం, ఓడితే జడ్జీల ఇంటిల్లిపాదినీ తిట్టడం మన దగ్గర మామూలైపోయింది. చూడని సినిమా మీద తీర్పు చెప్పే జబ్బు మనకొక్కరికే ఉందనుకోనక్కర్లేదు. పదివేల మందికి పైగా సభ్యులున్న ఆస్కార్ అకాడమీ కూడా, ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే అందులో తుది ఓటు వేయాలని నియమం పెట్టింది 2025లో. అంతకుముందు ఆ కట్టుబాటు కొన్ని విభాగాలకే ఉండేది. పెద్దవాళ్ళకే చూసి ఓటెయ్యండని చెప్పాల్సి వచ్చింది.

వేడుక గురించి కూడా ఒక ముక్క. 2022లో ఆస్కార్ వాళ్ళు ఎడిటింగు, సౌండు వంటి ఎనిమిది విభాగాల అవార్డులను ప్రత్యక్ష ప్రసారానికి ముందే ఇచ్చేసి, తర్వాత కత్తిరించి అతికించి చూపించారు. సాంకేతిక నిపుణులు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది అన్నీ మళ్ళీ వేదిక మీదికి వచ్చాయి. మన వేడుకల్లో హీరోయిన్ డాన్సుకు అరగంట దొరుకుతుంది, ఎడిటరుకు అరనిమిషం దొరకదు. అదేమని అడిగేవాడూ లేడు.

నంది తిరిగి వస్తే ప్రతి విభాగంలో తుది పోటీదారుల పేర్లు కనీసం మూడు వారాల ముందు ప్రకటించాలి. ఫలితాలతో పాటు జ్యూరీ సభ్యుల పేర్లు, గెలిచినదాన్ని ఎందుకు ఎంచారో నాలుగు వాక్యాలు అచ్చు వేయాలి. ఆ మూడు వారాల్లో పోటీలో ఉన్న చిన్న సినిమాలను జిల్లా ఊళ్ళలో మరోసారి చూపించాలి. నెల్లూరులో టౌన్ హాలు ఉంది, ఒంగోలులో ఎన్టీఆర్ కళాక్షేత్రం ఉంది. ముప్పై రూపాయలు టిక్కెట్టు పెట్టినా ఎవరూ కాదనరు. నర్తకి సెంటరు కుర్రాళ్ళలో ముగ్గురు వస్తారని మా నమ్మకం. నాలుగోవాడు మాత్రం తన హీరో పేరు జాబితాలో యాడ అని ఇంకా వెతుకుతూనే ఉంటాడు.