తుడిచి మళ్లీ రాయగలిగే బల్ల

1961లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం మీద దాదాపు 23,000 అడుగుల ఎత్తున ఒక డీసీ-6 విమానం గంటల తరబడి చక్కర్లు కొడుతూ ఉండేది. అందులో ప్రయాణికులకు బదులు పాఠాల టేపులు, టెలివిజన్ ప్రసార యంత్రాలు ఉండేవి. చుట్టుపక్కల ఆరు రాష్ట్రాల బడులకు ఒకే మంచి ఉపాధ్యాయుడి పాఠం ఒకేసారి అందాలన్నది ఆ పథకం ఉద్దేశం. ఉద్దేశం గొప్పదే. కానీ పాఠం గడియారం ప్రకారం వచ్చి గడియారం ప్రకారం వెళ్లిపోయేది. వెనకబల్లలో కూర్చున్న పిల్లకు అర్థం కాకపోతే, ఒక్క నిమిషం ఆగమని ఆకాశంలోని విమానానికి చెప్పడానికి తరగతిలో ఉన్న ఉపాధ్యాయురాలికి దారి లేదు. ఖర్చు భారమై, కోరినన్ని ఛానెళ్లు దొరక్క, 1968 నాటికి ఆ పథకం నేలకు దిగిపోయింది.

బోధనలో సాంకేతికత చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ విమానమే గుర్తుకొస్తుంది. పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, చలనచిత్రాల వల్ల పదేళ్లలో బడుల తీరు పూర్తిగా మారిపోతుందని థామస్ ఎడిసన్ 1913లోనే ప్రకటించాడు. 1920లలో రేడియో వచ్చినప్పుడూ, ఆ తర్వాత టెలివిజన్ వచ్చినప్పుడూ ఇంచుమించు అదే ఆశ, అదే ధీమా వినిపించాయి. అవేవీ పనికిమాలినవి కావు. అగ్నిపర్వతం ఎలా బద్దలవుతుందో మాటల్లో చెప్పడం కంటే తెర మీద చూపించడమే మేలు. అయితే వాటిని తెచ్చినవారు చాలామంది, పాఠాన్ని వీలైనంత ఎక్కువమందికి చేరవేయడమే బోధన అనుకున్నారు. నా అభ్యంతరం అక్కడే.

రెండు వందల ఏళ్లుగా నిలిచిన నల్లబల్లను చూడండి. 1810 నుంచి 1820 దాకా ఎడిన్‌బరో హైస్కూలుకు అధిపతిగా ఉన్న జేమ్స్ పిలాన్స్, నల్లబల్ల మీద రంగు సుద్దలతో దేశపటాలు గీసి భూగోళం చెప్పాడు. అంతకుముందు పిల్లలకు పలకలు ఉండేవి, అంతకు ముందు ఇసుక ఉండేది. మద్రాసులో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసిన, అక్కడే ఒక అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ 1790లలో ఆ పద్ధతిని తన బడికి తెచ్చుకున్నాడు. ఇసుక, పలక, నల్లబల్ల మూడింటిలోనూ రాసింది చెరిపేసి మళ్లీ రాయవచ్చు. పైగా బల్ల మీద గీత చేతి వేగంతోనే పుడుతుంది కాబట్టి, ఉపాధ్యాయుడి ఆలోచన మెట్టు తర్వాత మెట్టుగా పిల్లల కళ్లముందే సాగుతుంది. ఆయన వెనక్కి తిరిగి ముఖాలు చూసి, అవసరమైతే సుద్దముక్క పట్టుకుని అక్కడే ఆగగలడు.

యంత్రాలు తెచ్చినవారందరూ ఈ సంగతి గమనించలేదనడం అన్యాయం. 1953లో తన కూతురి లెక్కల తరగతి చూడబోయిన మనస్తత్వ శాస్త్రవేత్త బీ.ఎఫ్. స్కిన్నర్, చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదని, చురుకైనవారూ నెమ్మదివారూ ఒకే వేగంతో నడవవలసి వస్తోందని గ్రహించాడు. ఆ రెండు లోపాలూ నిజమైనవే. వాటిని సరిదిద్దడానికే ఆయన బోధన యంత్రం తయారుచేశాడు. అందులో ప్రశ్న కనిపిస్తుంది, పిల్లవాడు జవాబు పెడతాడు, సరైనదైతేనే ముందుకు కదులుతుంది.

చాలాకాలం లెక్కలు చెప్పిన మనిషిగా ఇక్కడ ఒక చిన్న దృశ్యం చెబుతాను. ఒక పిల్లవాడు 1/2 + 1/3 = 2/5 అని రాస్తాడు. తప్పు అని అలాంటి యంత్రం క్షణంలో చెప్పేస్తుంది. పక్కన నిలబడ్డ ఉపాధ్యాయుడికి మాత్రం, పైఅంకెలు ఒకచోట, కింది అంకెలు ఒకచోట కూడాడని తెలుస్తుంది. ఆ కూడికకు పిల్లవాడి మనసులో ఒక న్యాయం ఉంది. దాన్ని తాకకుండా సరైన జవాబు చూపిస్తే, రేపు అదే తప్పు మళ్లీ వస్తుంది.

తర్వాతి కాలాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో ప్లేటో అనే కంప్యూటర్ బోధన మొదలైంది. పిల్లవాడికో ల్యాప్‌టాప్ అన్న ఉద్యమం 2005లో వచ్చింది. పెరూ దేశంలో 319 గ్రామీణ బడులను పరిశీలించి 2012లో వెలువడిన అధ్యయనంలో, పిల్లల ఆలోచనా సామర్థ్యాల్లో కొంత మెరుగు కనిపించినా, గణితంలోనూ భాషలోనూ మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధతో మాట్లాడే యంత్రాలు వచ్చాయి. పిల్లవాడి తప్పు వెనుక ఉన్న ఆలోచనను అవి కొంతవరకు పట్టుకోగలవు, అందుకు నేను సంతోషిస్తున్నాను. కానీ అలా పట్టుకున్నది ఉపాధ్యాయుడికి తెలుస్తోందా, యంత్రాన్ని ఆపే వీలు ఆయన చేతిలో ఉందా అన్న ప్రశ్నలు తల్లిదండ్రులుగా మనం బడి సమావేశాల్లో తప్పక అడగాలి. పరికరానికి నిధులు కోరినప్పుడు, ఉపాధ్యాయుల శిక్షణకు ఎంత కేటాయించారని కూడా అడగాలి.

ఆ పిల్లవాడిని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సగానికి ఇంకొంత కలిపావు కదా, మరి 2/5 సగం కంటే పెద్దదా, చిన్నదా?" వాడు చాలాసేపు బల్ల వంక చూశాడు, తరగతి అంతా ఎదురుచూసింది. చివరికి తానే లేచి వచ్చి, 2/5ను అరచేత్తో చెరిపేసి, రెండు సమానమైన పట్టీలు గీయడం మొదలుపెట్టాడు.