సవరణ: సికిల్ సెల్ జన్యువు అన్ని ఇన్ఫెక్షన్ల నుంచీ కాపాడదు

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో "ఈ జన్యువు ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్లు తేలిగ్గా రావు" అన్న వాక్యం తీసేశాను. విశాఖలో ఉంటూ, ఈ జబ్బు కనిపించే పాడేరు, అరకు వైపు సొంతవాళ్లున్నవాళ్లు చదువుతారు కాబట్టి ఇది స్పష్టంగా ఉండాలి.

ఆ జన్యువు ఇచ్చే రక్షణ ముఖ్యంగా తీవ్రమైన ఫాల్సిపేరం మలేరియా (మలేరియాల్లో ప్రమాదకరమైన రకం) నుంచి, అదీ అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చిన క్యారియర్లకు. 1954లో శాస్త్రవేత్త ఆంథొనీ ఆలిసన్ చూపించింది ఇదే. మలేరియా తెచ్చేది బాక్టీరియా కాదు, పరాన్నజీవి.

ఇద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చి జబ్బు ఉన్న పిల్లల సంగతి పూర్తిగా వేరు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు ప్లీహంలోని సన్న రక్తనాళాలకు అడ్డుపడి చిన్న వయసులోనే దాన్ని పనికిరాకుండా చేస్తాయి, న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాను రక్తంలోంచి వడకట్టాల్సింది ఆ ప్లీహమే, అందుకే మామూలు జ్వరంలా మొదలైంది గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా వీళ్ల ఎముకల్లోకీ చేరుతుంది. ఈ పిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. కనీసం ఐదేళ్లు వచ్చేదాకా పెన్సిలిన్, దాంతోపాటు న్యుమోకాకల్ టీకా తప్పనిసరి.

దయచేసి, జబ్బు ఉన్న పిల్లలకు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, సికిల్ సెల్ ఉందని ముందే చెప్పండి.