"19 నంబర్ వాల్వ్‌లన్నీ ఒకటే" అన్న మెసేజ్‌కి జవాబు

"మెకానికల్ వాల్వ్ ఏ కంపెనీదైనా ఒకటే, 19 అంటే 19, అయోర్టా రూట్ సన్నగా ఉంటే చిన్న వాల్వ్ పెట్టించుకుంటే చాలు, ఖరీదైనది రాశారంటే కమీషన్ కోసమే, పైగా కొత్త వాటికి బ్లడ్ థిన్నర్ అక్కర్లేదు." గుండెలో పెట్టే కృత్రిమ కవాటాల (వాల్వ్‌ల) గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మెసేజ్ (అయోర్టా రూట్ అంటే గుండె నుంచి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని మొదలు, వాల్వ్ కూర్చునేది అక్కడే) ఆపరేషన్ ముందు టెన్షన్‌లో ఉన్న కుటుంబాల చేతికే వెళ్తోంది, అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్తున్నా.

19 అంటే 19 కాదు. ఆ నంబర్ వాల్వ్ కూర్చునే చోటు కొలత, మిల్లీమీటర్లలో. రక్తం పోయే దారి ఎంతన్నది వేరే లెక్క. సెయింట్ జూడ్ కంపెనీ పాత వాల్వ్ స్టాండర్డ్ 19లో ఆ దారి సుమారు 1.04 చదరపు సెంటీమీటర్లు, అదే కంపెనీ తర్వాత తెచ్చిన రీజెంట్ 19లోనూ, ఆన్-ఎక్స్ అనే మరో వాల్వ్ 19లోనూ దాదాపు 1.5 నుంచి 1.6. నంబర్ అదే, దారి మాత్రం సగం మేర పెరిగింది. దారి సగానికి తగ్గితే ప్రెషర్ తేడా నాలుగు రెట్లవుతుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక "చిన్నది చాలు" అన్న మాట. ఎవరికి చాలు? 160 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల మనిషి శరీర వైశాల్యం సుమారు 1.6 చదరపు మీటర్లు. 1.04ని దాంతో భాగిస్తే 0.65 వస్తుంది, అంటే తీవ్రమైన మిస్‌మ్యాచ్ (మనిషి శరీరానికి వాల్వ్ దారి చాలకపోవడం) గీత మీదే ఉన్నట్టు. వాల్వ్ బాగానే పనిచేస్తున్నా గుండె మాత్రం ఇంకా అడ్డంకికి ఎదురు నెడుతూనే ఉంటుంది, కండరం మందం తగ్గదు, ఆయాసం పోదు. 1.5తో లెక్కేస్తే 0.94, ఇబ్బంది లేదు (0.85 దాటితే మిస్‌మ్యాచ్ లేదంటారు). రహిమ్‌తూలా అనే గుండె వైద్యుడు 1978లోనే ఈ సమస్య గురించి రాశారు. అయితే 140 సెంటీమీటర్లు, 36 కిలోలు ఉన్న సన్నని ఆమెకి అదే పాత 19 సరిపోవచ్చు, అలాంటి చోట ఎక్కువ ఖర్చు ఎందుకని అడగడం న్యాయమే. కానీ ఆ లెక్క చూడకుండా కమీషన్ అనేయడం అన్యాయం.

రూట్ సన్నగా ఉంటే వేరే దారే లేదన్నట్టు రాశారు, అదీ తప్పే. రూట్‌ని కోసి ప్యాచ్ వేసి వెడల్పు చేసే పద్ధతులున్నాయి: నిక్స్ అనే సర్జన్ పద్ధతి 1970 నాటిది, మనూగియన్‌ది 1979 నాటిది. ఆపరేషన్ సమయం పెరుగుతుంది, సర్జన్‌కి అలవాటుండాలి, అందుకే ముందే అడగండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది బ్లడ్ థిన్నర్ అక్కర్లేదన్న చివరి మాట. ఆన్-ఎక్స్‌కి 2015లో అమెరికాలో అనుమతిచ్చింది మందు ఆపడానికి కాదు. అయోర్టిక్ స్థానంలో పెట్టిన మూడు నెలల తర్వాత, ఆస్పిరిన్‌తో పాటు వార్ఫరిన్ అనే బ్లడ్ థిన్నర్ వాడుతూ ఐఎన్‌ఆర్‌ని (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే టెస్ట్ అంకె) 1.5 నుంచి 2 మధ్య ఉంచుకోవచ్చని. అదే వాల్వ్‌కి వార్ఫరిన్ బదులు అపిక్సాబాన్ అనే కొత్త రకం బ్లడ్ థిన్నర్ ఇచ్చి చూసిన ట్రయల్‌ని గడ్డలు ఎక్కువవుతున్నాయని 2022లో ఆపేశారు. అంతకుముందు మెకానికల్ వాల్వ్‌లకి డబిగాట్రాన్ అనే అలాంటి మరో మందు ఇచ్చి చూసిన ట్రయల్‌నీ 2012లో ఆపేశారు. ఎసిట్రోమ్ (వార్ఫరిన్ లాంటి మందే) అయినా వార్ఫరిన్ అయినా జీవితాంతం వాడాల్సిందే, మెసేజ్ చూసి ఒక్క డోసు కూడా మానకండి.