మార్లిన్ మన్రో ‘పదహారో సైజు’ కథ

ఈ సందేశం మీకూ వచ్చే ఉంటుంది. 1950ల హాలీవుడ్ తార మార్లిన్ మన్రో నలుపు తెలుపు ఫొటో, కింద నాలుగు వాక్యాలు: “మార్లిన్ మన్రో 16వ సైజు దుస్తులు వేసుకునేది. ఆ రోజుల్లో బొద్దుగా ఉన్నవాళ్లనే అందగత్తెలు అనేవారు. ఎవరూ కడుపు మాడ్చుకునేవారు కాదు, అందం సహజంగా ఉండేది. ఇవాళ ఆమె అవకాశం అడిగితే లావుగా ఉందని వెనక్కి పంపేస్తారు.” తెలుగులో తిరిగే సందేశానికి ఇంకో తోక కూడా ఉంటుంది: “మన సావిత్రి గారిని చూడండి!”

పంపేవాళ్ల మనసు మంచిదే. సన్నబడమని ఆడపిల్లల్ని ఇంటా బయటా ఎంతగా సతాయిస్తున్నారో అందరికీ తెలుసు. కానీ అందుకు తెచ్చిన సాక్ష్యంలో నాలుగు మాటలుంటే, నాలుగూ నిలబడవు.

మొదటిది, ఆ 16. మార్లిన్‌కు దుస్తులు కుట్టినవాళ్ల లెక్క ప్రకారం ఛాతీ 35 అంగుళాలు, నడుము 22, తుంటి 35. స్టూడియో ప్రచార విభాగం కాస్త పెంచి 37, 23, 36 అని చాటింది. 1962 ఆగస్టులో ఆమె చనిపోయాక జరిగిన శవపరీక్షలో ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళాలు, బరువు 117 పౌండ్లు అని నమోదయింది. అంటే 53 కిలోలు. ఏ లెక్క తీసుకున్నా నడుము 23 అంగుళాలు దాటలేదు.

మరి 16 ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో రెడీమేడ్ దుస్తుల సైజు అంకె ఎప్పుడూ ఒక్కచోట నిలబడలేదు. సియర్స్ కంపెనీ 1937 కేటలాగులో 32 అంగుళాల ఛాతీకి సరిపోయే గౌను సైజు 14. 1967 నాటికి అదే ఛాతీ కొలతకు 8 అన్నారు. 2011 నాటికి అది సున్నా అయింది! చిన్న అంకె చూస్తే కొనేవాళ్లకు సంతోషం, అమ్మేవాళ్లకు లాభం. ఒళ్లు పెరుగుతున్నా అట్ట మీద అంకె మాత్రం తగ్గుతూ వచ్చింది. కాబట్టి 1950లలో ఆమె గౌను మీద 12 అని ఉన్నా, 14 అని ఉన్నా, దాన్ని నేటి దుకాణంలోని అదే అంకెతో పోల్చడానికి వీల్లేదు. ఈ తికమక మనకు కొంచెం కొత్త. మన దర్జీ టేపు పట్టి అంగుళాలు రాసుకుంటాడు, లేదంటే ఆది జాకెట్టు తెమ్మంటాడు.

మార్లిన్ ఆది జాకెట్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి కూడా. 1955 నాటి ‘ది సెవెన్ ఇయర్ ఇచ్’లో గాలికి ఎగిరిన తెల్ల గౌనును 2011లో వేలానికి ముందు ప్రదర్శనకు పెట్టారు. సైజు 2 బొమ్మకు తొడిగితే వెనక జిప్పు పట్టలేదు. 1962 మే 19న న్యూయార్క్‌లో అధ్యక్షుడు కెనడీకి పుట్టినరోజు పాట పాడినప్పటి గౌను సంగతి ఇంకా ప్రసిద్ధం. 2022లో మెట్ గాలా అనే న్యూయార్క్ ఫ్యాషన్ వేడుకకు దాన్ని వేసుకోవడానికి టీవీ తార కిమ్ కర్దాషియన్ మూడు వారాల్లో 16 పౌండ్లు తగ్గినట్టు తానే చెప్పుకుంది. అయినా వెనక పూర్తిగా మూసుకోక, పైన తెల్లటి బొచ్చు శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. పదహారో సైజు వాదానికి అదే చివరి రోజు కావలసింది. కాలేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆమె ఒళ్లు ఎప్పుడూ ఒకేలా లేదు. 1958లో ‘సమ్ లైక్ ఇట్ హాట్’ చిత్రీకరణ నాటికి ఆమె గర్భవతి. ఆ సినిమాలో నిండుగా కనిపిస్తుంది. ఆ గర్భం నిలవలేదు. 1961లో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగింది, 1962కు బాగా చిక్కింది. ఆ 53 కిలోలు చిక్కినప్పటి బరువు. అయితే, గర్భిణిగా ఉన్నప్పటి ఫొటో చూపించి “ఆనాటి అందం కొలత ఇదీ” అనడం ఏం న్యాయం?

ఇక రెండో మాట, ఆ రోజుల్లో బొద్దుగా ఉన్నవాళ్లనే మెచ్చారన్నది. 1953 ఒక్క ఏడాదిని తీసుకోండి. ‘నయాగరా’, ‘జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’, ‘హౌ టు మ్యారీ ఎ మిలియనీర్’ సినిమాలతో మార్లిన్ పెద్ద తార అయింది ఆ ఏడాదే. పుల్లలా ఉండే ఆడ్రే హెప్‌బర్న్ ‘రోమన్ హాలిడే’తో జనాన్ని కట్టిపడేసిందీ ఆ ఏడాదే, ఆ పాత్రకు ఆస్కార్ కూడా వచ్చింది. ఇద్దరికీ టిక్కెట్లు కొన్నది ఒకే జనం. దర్శకుడు బిల్లీ వైల్డర్ ఇద్దరితోనూ రెండేసి సినిమాలు తీశాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1920లలో అమెరికాలో కోరుకున్న ఆకారమే వేరు: చదునైన ఛాతీ, కత్తిరించిన జుట్టు, నడుము తెలియని వదులు గౌను. ఛాతీ కనిపించకుండా బిగించి కట్టుకున్న కాలమది. అభిరుచి లావు నుంచి సన్నానికి ఒకే దారిలో నడిచి రాలేదు. అటూ ఇటూ పోయింది, చాలాసార్లు రెండు వైపులా ఒకేసారి నిలబడింది.

తోక సంగతీ అంతే. సావిత్రి గారు ‘దేవదాసు’, ‘మాయాబజార్’లతో వెలిగిన దశాబ్దంలోనే, 1955లో ‘రోజులు మారాయి’లో ఒక సన్నని కొత్త అమ్మాయి ‘ఏరువాక’ పాటకు ఆడి ఊళ్లకు ఊళ్లనే ఊపేసింది. ఆమె వహీదా రెహమాన్. పైగా సావిత్రి గారిని జనం గుండెల్లో పెట్టుకున్నది ఆ కళ్లనూ ఆ నటననూ చూసి. ఆమెను ఒంటి బరువుకు ఉదాహరణగా చేయడం నాకు మర్యాదగా తోచదు.

మూడో మాట, సహజ సౌందర్యం. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియదు. 1952లో ‘పేజంట్’ పత్రికకు మార్లిన్ తన దినచర్య చెప్పింది: పొద్దున వేడి పాలలో గిలక్కొట్టిన రెండు పచ్చి గుడ్లు, రాత్రికి కాల్చిన మాంసం, దానితో నాలుగైదు పచ్చి క్యారెట్లు. రోజూ పొద్దున చిన్న బరువులు ఎత్తే వ్యాయామం. ఆ కాలంలో అది మామూలు విషయం కాదు. బంగారు రంగు జుట్టు రసాయనాల పుణ్యం. పుట్టుకతో వచ్చింది గోధుమ రంగే. 1940ల హాలీవుడ్ తార రీటా హేవర్త్ సంగతి ఇంకా ఘోరం. మార్గరీటా కన్సీనో అనే ఆ అమ్మాయి పేరు మార్చారు, జుట్టు రంగు మార్చారు. నుదురు వెడల్పుగా కనపడాలని విద్యుత్ చికిత్సతో జుట్టు మొదళ్లను కాల్చి పెరగకుండా చేశారు. నడుము నొక్కే లోదుస్తులు లేకుండా 1950ల ఫ్యాషన్ అడుగు ముందుకు వేయలేదు.

నాలుగోది, ఇవాళైతే ఆమెను ఎవరూ పట్టించుకోరన్నది. ఆ పుట్టినరోజు గౌను 2016 వేలంలో 48 లక్షల డాలర్లు పలికింది. ‘నయాగరా’ ప్రచార ఫొటో ఆధారంగా చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన ఆమె చిత్రాల్లో ఒకటి 2022లో 19 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. వేలం ధరలు అభిరుచికి కొలబద్ద కావంటారా, సరే. అయితే జేన్ మాన్స్‌ఫీల్డ్‌ను గుర్తు చేసుకోండి. మార్లిన్‌కు పోటీగా ఫాక్స్ స్టూడియో ఆమెను 1956లో తీసుకుంది. జుట్టు అదే రంగు, ఒంటి వంపులు ఇంకాస్త ఎక్కువే. అందం అంగుళాల్లో ఉంటే ఆమె ఫొటోనే నేటికీ గోడల మీద ఉండాలి. మార్లిన్‌లో ఉన్నది హాస్యం. మాట ఎక్కడ ఆపాలో, చూపు ఎప్పుడు తిప్పాలో ఆమెకు తెలుసు. ‘సమ్ లైక్ ఇట్ హాట్’కు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది అందుకే కానీ నడుముకు కాదు.

అభిరుచి మారలేదని నేను అనడం లేదు. మారింది ఒంటి విషయంలో కాదు, పాత్ర విషయంలో. తెలివితక్కువగా కళ్లార్పే, మగవాడు చెయ్యి పడితే తప్ప వీధి దాటలేని అందగత్తె నేటి ప్రేక్షకుడికి ఇబ్బందిగా తోస్తుంది. ఆ పాత్రలు అందరికన్నా ముందు విసుగు పుట్టించింది మార్లిన్‌కే. 1954 మొదట్లో అలాంటి సినిమా ఒకటి వద్దన్నందుకు ఫాక్స్ ఆమెను సస్పెండ్ చేసింది. ఆ ఏడాది చివర ఆమె హాలీవుడ్ వదిలి న్యూయార్క్ వెళ్లింది. ఫొటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టింది, లీ స్ట్రాస్‌బర్గ్ దగ్గర నటన నేర్చుకుంది. 1955 చివర ఫాక్స్ దిగివచ్చి, దర్శకుడు ఎవరన్నది తేల్చడంలో ఆమెకు మాట ఉండేలా కొత్త ఒప్పందం రాసింది.