వేడికి ఆగి, చల్లారితే కదిలే బండి: నేరం ఈసీయూదేనా?

వేసవిలో హైదరాబాద్ మెకానిక్ షెడ్లలో తరచుగా వినిపించే తీర్పు ఒకటుంది: ‘కంప్యూటర్ పోయింది, మార్చాల్సిందే’. ఆ కంప్యూటర్ అంటే ఈసీయూ, ఇంజిన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె. బోయిన్‌పల్లి మార్కెట్‌లో సరుకు దించి వస్తూ మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అయ్యే పికప్ విషయంలో ఈ తీర్పు ఇంకా త్వరగా వెలువడుతుంది. విచారణ లేని తీర్పు అది.

వాహనాల కోసం తయారయ్యే చిప్‌లు చాలావరకు 125 డిగ్రీల దాకా తట్టుకునేవే కాబట్టి, 42 డిగ్రీల ఎండ ఒక్కటే ఈసీయూను చంపదు. అయితే ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, సాగి, ముడుచుకున్న, లోపలి చిప్‌లను పట్టి ఉంచే సోల్డర్ అతుకుల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. అవి వేడికి విడిపోయి, చల్లారితే మళ్లీ అంటుకుంటాయి. చిక్కేమిటంటే ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ లోపలి సన్నటి రాగితీగ, ఈసీయూకి కరెంటు అందించే స్విచ్ లాంటి మెయిన్ రిలే, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) కూడా సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక సెన్సర్లు, కనెక్టర్లు పెరిగాయి, అనుమానితులూ పెరిగారు.

అందువల్ల పరీక్ష బండి ఆగిన క్షణంలో, వేడి మీదే జరగాలి. సెల్ఫ్ కొడుతూ, ఈసీయూలోని సమాచారం చదివే స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) చూడాలి. స్కానర్ ఈసీయూతో మాట్లాడుతూనే ఆర్‌పీఎం సున్నా చూపిస్తే, ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌నూ దాని వైరునూ. స్కానర్ అసలు కలవకపోతే ఈసీయూకి వచ్చే కరెంటు, ఎర్త్ కొలవాలి. బ్యాటరీ నెగటివ్‌కూ ఈసీయూ ఎర్త్ పిన్‌కూ మధ్య సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 0.2 వోల్టు మించి తేడా కనిపిస్తే లోపం ఎర్త్ దారిలోనే ఉంది. సెన్సర్లకు వెళ్లే 5 వోల్టులు మాయమైతే ఒక్కో సెన్సర్ ప్లగ్ పీకుతూ పోవాలి. ఏది పీకినప్పుడు ఆ 5 వోల్టులు తిరిగి వస్తాయో, సప్లయిని కిందికి లాగుతున్నది ఆ సెన్సరో దాని వైరో అవుతుంది. అన్నీ పీకినా రాకపోతే, సప్లయి, ఎర్త్, వైరింగ్ బాగున్నాయని తేలాక, అప్పుడు ఈసీయూను అనుమానించడం న్యాయం. (అంబాసిడర్ కాలంలో ఇంజిన్‌కు పెట్రోల్ అందించే పంపు వేడెక్కితే దాని మీద తడిగుడ్డ వేసిన అలవాటుతో ఇప్పటి కనెక్టర్ల మీద నీళ్లు చల్లేవారున్నారు, అది కొత్త రోగాన్ని కొనితెచ్చుకోవడమే.)

మార్చగానే బాగైంది కదా అనే వాదన బలమైనదిగా కనిపిస్తుంది గానీ, ఈసీయూ మార్చే పనిలోనే బండి పూర్తిగా చల్లారుతుంది, కనెక్టర్ పిన్నులు శుభ్రపడి గట్టిగా కూర్చుంటాయి. బాగైంది దేనివల్లో తెలియదు. పైగా సెకండ్ హ్యాండ్ ఈసీయూ పెడితే ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే తాళం), ఇంజెక్టర్ (ఇంధనం చిమ్మే భాగం) కోడ్‌లు మళ్లీ రాయించాల్సి రావచ్చు.

ఇందులో తప్పు మెకానిక్ ఒక్కడిదే అనలేం. విడిభాగానికి వేలు ఇచ్చే యజమాని, లోపం వెతికిన రెండు గంటలకు కూలి ఇవ్వడానికి బేరమాడతాడు. అలాంటప్పుడు వెతకడం కన్నా మార్చడమే గిట్టుబాటు. ఆ కూలి విడిగా ఒప్పుకొని, ఆగిన సమయంలోని రీడింగులు కాగితం మీద రాసివ్వమని అడగాలి. కొత్త ఈసీయూకి డబ్బు చెల్లించే ముందు పాతదాన్నే తిరిగి తగిలించి, ఎండలో, లోడుతో నడిపించి, అదే లోపం తిరిగి వస్తుందా అని చూడాలి.