ఓరియంటేషన్ క్లాసు గారికి, సైకాలజీ ఫైనలియర్ నుంచి

మహారాజశ్రీ బీఏ సైకాలజీ ఓరియంటేషన్ అండ్ కెరీర్ గైడెన్స్ క్లాసు గారికి,

ఫైనలియర్ విద్యార్థులు నమస్కరించి రాయునది.

మొదటి ఏడాది మొదటి వారంలో సెమినార్ హాల్లో దర్శనమిచ్చారు. మళ్లీ జాడే లేరు. అయినా మా ఇళ్లలో ఇప్పటికీ మీ మాటే చెల్లుతోంది. మీ ‘కెరీర్ ఆపర్చునిటీస్’ స్లైడు ఫొటో తీసి ఇంటికి పంపితే, అమ్మ దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ పక్కన భూతద్దం, స్పోర్ట్స్ సైకాలజిస్ట్ పక్కన క్రికెట్ బ్యాటు, క్లినికల్ సైకాలజిస్ట్ పక్కన సోఫా. ఆ సోఫా చూసి మా పెదనాన్న “ఏసీ గదిలో కూర్చుని మాట్లాడే పనేగా, ఆడపిల్లకి మంచిదే” అని దీవించాడు కూడా.

అన్ని కొలువులూ చూపించారు గానీ, వీటికి బీఏ ఒక్కటే చాలదన్న ముక్క మాత్రం మింగేశారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ప్యాకేజీ చెప్పి అప్పులు దాచినట్టు.

ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుందండీ? మా బీఏ దారిన వెళ్లి క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు కట్టుకోవాలంటే, పీజీ చేయాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చోట శిక్షణ పూర్తి చేసి, ఆ కౌన్సిల్ రిజిస్టరులో పేరెక్కించుకోవాలి. 1992 నాటి చట్టం ఇది. పేరు లేకుండా ప్రాక్టీసు పెడితే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలేనా అని నవ్వకండి, మీ ఓరియంటేషన్ కిట్‌కి మా దగ్గర వసూలు చేసింది అంతకు తక్కువేం కాదు.

స్లైడు అడుగున ‘హయ్యర్ స్టడీస్: ఎం.ఫిల్’ అని కూడా ఉంది. ఎం.ఫిల్‌ను యూజీసీ 2022లోనే ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువిచ్చింది. ఢిల్లీలో రూల్సు మారాయి, ఇక్కడ సిలబస్ మారింది, ప్రిన్సిపాల్ గారూ మారారు. మీ స్లైడు మాత్రం ఫాంటుతో సహా చెక్కుచెదరలేదు.

ఇక ల్యాబు. దాని ఊసే మీరెత్తలేదు. “మనుషుల మనసులు చదవడం నేర్చుకుంటారు” అన్నారు. తీరా ల్యాబుకి వెళ్తే మా చేతికిచ్చింది కంటిని భ్రమపెట్టే ముల్లర్-లయర్ బోర్డు. రెండు గీతలు, ఒకదాని చివర బాణాలు లోపలికి, ఇంకోదానికి బయటికి. రెండూ సమానం అనిపించేదాకా పట్టీని జరుపుతూ ఉండాలి. ఎన్ని మిల్లీమీటర్లు తప్పామో పక్కవాడు వెనక స్కేలు చూసి రాసుకుంటాడు. అది అయ్యాక అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం. పెన్సిలు ఇటు పొమ్మంటే అటు పోతుంది. లెక్కల బాధ వదిలిందని ఆర్ట్స్‌కి వచ్చినవాళ్లం, స్టాండర్డ్ డీవియేషన్ వేసి, టీ-టెస్టు కట్టి రికార్డులో ఎక్కించాక గానీ మేడమ్ సంతకం పడలేదు.

కానీ మాలో కొందరికి ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది అక్కడే. గీతలు సమానమని తెలుసు, స్కేలు పెట్టి కొలిచాం, అయినా కన్ను ఒప్పుకోదు! 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ప్రయోగాల సైకాలజీకి ఆద్యుడు విల్‌హెల్మ్ వుంట్ ల్యాబు తెరిచింది ఇలాంటి కొలతలతోనే. 1916లో కలకత్తా యూనివర్సిటీలో మొదలైన విభాగమూ ప్రయోగాలతో నడిచిందే. మీ స్లైడుల్లో వుంట్ ఎక్కడా లేడు. ఫ్రాయిడ్ మాత్రం చుట్ట పట్టుకుని మూడు చోట్ల ఉన్నాడు.

అమెరికాలో మీ చుట్టాలున్నారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో సైకాలజీ మేజర్ తీసుకున్నవాళ్లకి కెరీర్ గైడెన్స్ కోసమే ఒక క్రెడిట్ కోర్సు ఉంటుంది. అక్కడి సైకలాజికల్ అసోసియేషన్ 2013లో డిగ్రీ చదువుకు పెట్టిన ఐదు లక్ష్యాల్లో వృత్తికి సిద్ధం చేయడం ఒకటి. రెజ్యూమె రాయించడాలు, లింక్డిన్ హడావిడి అక్కడా తప్పవు లెండి. అయినా డాక్టరేటూ లైసెన్సూ లేనిదే చాలా రాష్ట్రాల్లో సైకాలజిస్టు అనిపించుకోలేరన్న మాట అక్కడ క్లాసులోనే చెప్తారు. మాకు ఆ పుణ్యం పీజీ కోచింగ్ సెంటర్ రిసెప్షనిస్టు కట్టుకుంది.

మా సీనియర్లు ఏం చేస్తున్నారో మీకెవరైనా చెప్పారా? ఎక్కువమంది హెచ్ఆర్‌లో ఉన్నారు. పొద్దున్నుంచీ ఫోన్లే: “నోటీస్ పీరియడ్ ఎంతండీ? ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ ఎంతండీ?” ఒక అక్క స్పెషల్ స్కూల్లో చేస్తోంది. ఇద్దరు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్నారు. ఇవేమీ తక్కువ పనులు కావు. మీ స్లైడులో వీటికి బొమ్మ లేదంతే.

వచ్చే బ్యాచ్‌కైనా ఆ మోటివేషనల్ స్పీకర్ గారిని కాసేపు ఆపి, స్పెషల్ స్కూలు అక్కకి మైకు ఇవ్వండి. పోయినసారి ఆయన కళ్లు మూసుకుని ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఊహించుకోండన్నారు. వెనక బెంచీల్లో సగం మంది నిద్రపోయారు.

ఇట్లు,
పార్టిసిపేషన్ సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడినవారు

తాజా కలం: మీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో మేమంతా ‘ఎక్సలెంట్’ పెట్టిన మాట నిజమే. అది నింపితేనే అటెండెన్స్ వేస్తామన్నారు. అలా రాబట్టిన డేటా ఎందుకు పనికిరాదో రెండో ఏడాది రీసెర్చ్ మెథడ్స్‌లో చదువుకున్నాం, కావాలంటే నోట్సు పంపుతాం.