ప్లేట్లు కొనేముందు తుక్కుబండి అన్నను అడగండి

ఇంట్లో జిమ్ము పెట్టాలనుకునే ప్రతి హైదరాబాదీ మొదట సంప్రదించాల్సింది ట్రైనర్‌ని కాదు. ఆదివారం పొద్దున్నే "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని మైకులో మోగించుకుంటూ వచ్చే తుక్కుబండి అన్నని. ఈ అభిప్రాయం నాకు ఊరికే కలగలేదు. నాలుగు వేలు ఖర్చయింది.

సంబంధాలు చూసినంత నిష్ఠగా మూడు వారాలు ప్లేట్లు, అంటే రాడ్డుకు అటూ ఇటూ తొడిగే బరువు బిళ్ళలు, చూశాను. ముందు కలవాల్సిన జాతకం బొక్కది. ఒలింపిక్ రాడ్డుకు వేసే ప్లేటు బొక్క 50 మిల్లీమీటర్లు, మామూలు రాడ్డు లావు 25 నుంచి 28. మొదటిది రెండోదానికి తొడిగితే చిక్కిపోయిన చేతికి పాత గాజులా వేలాడుతుంది. ఆ తర్వాత రంగు. అంతర్జాతీయ పోటీల్లో 10 కిలోలది ఆకుపచ్చ, 15 పసుపు, 20 నీలం, 25 ఎరుపు. సహజంగానే నా మనసు ఎరుపు మీదికి పోయింది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చారు. నిజాంపేటలో మూడో అంతస్తు మీద నేనూ ఎంతో కొంత ఎత్తగలను. దించడమే సమస్య. కింది ఫ్లాటు అసోసియేషన్ సెక్రటరీ గారిది.

కనుక మోత మోగే ఇనుము వద్దనుకున్నాను. రబ్బరువి తెస్తే హాలంతా టైర్ల కొట్టు వాసన. "ఇంట్లో అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది మా ఆవిడ. చివరికి చవగ్గా, నున్నగా, పైన ప్లాస్టిక్ తొడుగున్నవి నాలుగు కొన్నాను. లోపలేముందని అడగలేదు. బెండకాయ కొన విరిచి చూడందే కొనని జాతి మనది!

లోపల సిమెంటు. ఇనుము దానికి దాదాపు మూడు రెట్లు సాంద్రం. అందుకే నా పది కిలోల ప్లేటు ఇనుపదానికి మూడింతలు లావు. అటూ ఇటూ రెండేసి తొడిగేసరికి రాడ్డు అయిపోయింది.

ఆర్నెల్లకు, సహజంగానే, తుక్కుబండిని ఆపాను. ఆయన వేలి కణుపుతో తట్టాడు, అయస్కాంతం పెట్టి చూశాడు, కాటా మీద పెట్టాడు. పది అని అచ్చేసి ఉన్నది తొమ్మిదిన్నర తూగింది. నేను మూడు వారాల్లో కనిపెట్టలేనిది అర నిమిషంలో తేల్చేశాడు.

"ఇది ఇనుము గాదన్నా, సిమెంటు. నేను దీస్కపోను. ఇనుపయి కొంటే ఇయ్యాల పైసలొస్తుండె."

ఇప్పుడొకటి టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు మూత గాలికి లేవకుండా కాస్తోంది. మిగతా మూడూ కావాలని సెక్రటరీ గారు కబురు పెట్టారు. ట్యాంకులు ఇంకా ఉన్నాయట.